లేని అద్దం

గాజు దుకాణం మీది గది,
ఫిబ్రవరి 9

బావా,

ఈ ఉత్తరం నీ కార్ఖానా చిరునామాకి రాస్తున్నాను, ఇంటికి కాదు. ఇంటికి రాస్తే అక్క ముందు చదువుతుంది, చదివి మంచమెక్కుతుంది, ఆనక నా సంగతి వదిలేసి అందరం ఆవిడకి విసురుతూ కూర్చోవాలి. నాకు జలుబు చేస్తే తను ఆవిరి పట్టుకునే మనిషి. ఫోను చేద్దామంటే మీ ఇద్దరికీ ఉన్న ఒక్క ఫోనూ ఆవిడ దిండు కిందే ఉంటుంది. నీ చెవులు చూస్తే గ్రైండరుకి ధారపోశావు. కాబట్టి మనిద్దరికీ పోస్టుమానే దిక్కు.

విషయం ఏంటంటే, నా భుజాలు పోయాయి.

నవ్వకు. ఈసారి వేషం కాదు. మూడు వారాల కిందట చొక్కా కొక్కేనికి తగిలించబోతే చెయ్యి గడ్డం దాకా వచ్చి ఆగిపోయింది, పైవాడి సంతకం లేనిదే కదలనన్న గుమాస్తాలాగా. తొడలూ అంతే. కుర్చీలోంచి లేవాలంటే ముందు బల్లని పట్టుకోవాలి, తరవాత దేవుణ్ణి పట్టుకోవాలి. ఇద్దరిలో బల్లే నయం. పొద్దున కళ్లు తెరిచేసరికి ఎవరో నన్ను ఉతికి, పిండి, దులపకుండా ఆరేసినట్టుంటుంది.

తలా ఒక కారణం చెబుతున్నారు. యజమాని "వయసురా" అన్నాడు. ఆయన నాకన్నా పదేళ్లు పెద్ద, మెట్లు రెండేసి ఎక్కుతాడు. మీ చెల్లెలు "తడిసిన బనీను ఒంటిమీదే ఆరబెట్టుకుంటే ఇంతే" అంది. ఆవిడ లెక్కలో లోకంలోని రోగాలన్నీ నా బనీనులోంచే పుట్టాయి. సెలూన్ ఆయన మెడలో నరం పట్టేసిందని పట్టుకుని ఒక్క విరుపు విరిచాడు, ఇప్పుడు మెడ కూడా చేరింది జట్టులో. మందుల షాపువాడు తైలం అమ్మాడు. దాని ఘాటుకి వీధిలో కుక్క తుమ్మింది, అంతకు మించి గుణం కనపడలేదు.

నాకొక అనుమానం ఉంది. పోయినేడాది రక్తంలో కొవ్వుందని డాక్టరొక చిన్న తెల్ల మాత్ర రాశాడు, రోజూ వేసుకుంటున్నాను. నువ్వూ అలాంటిదే మింగేవాడివి కదా. నీకేమన్నా నొప్పులొచ్చాయా?

అద్దం మోసేటప్పుడు నీ చోట్లో ఇప్పుడు ముందు నడిచేవాడు ఈలలేసే రకం. గడప వచ్చినా ఈలే, గొయ్యి వచ్చినా ఈలే. నీ పద్ధతి వాడికేం తెలుసు. ముందువాడు "ఆగు" అంటే వెనకవాడు లేపిన కాలు లేపినట్టే ఆగాలి, ఎందుకని అడక్కూడదు. ఒక్కసారే అడిగాను నేను. ఆ గీత నీ ముంజేతి మీద ఇంకా ఉండే ఉంటుంది. "దించు" అనే హక్కు మాత్రం వెనకవాడిది. ముందువాడికి దారి కనపడుతుంది గానీ అద్దం మొత్తం కనపడేది వెనకవాడికే. వాడు అనేదాకా ముందువాడు తన చివర వదలకూడదు. నీ చెవులు పోయాక నోటితో అనడం మానేసి, అద్దాన్ని నీ వైపు రెండుసార్లు మెల్లగా నెట్టేవాణ్ణి. చేతులకి తెలిసిపోయేది నీకు.

లేని అద్దం మోసిన రోజు గుర్తుందా? మిట్టమధ్యాహ్నం, బజారు మధ్యలో, నువ్వు ముందు నేను వెనక, చేతుల్లో గాలి తప్ప ఏమీ లేదు. బస్సు ఆగింది. పోలీసాయన ఈలేసి దారిచ్చాడు. ఒక బొజ్జాయన ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కున్నాడు. మనం దాన్ని గోడకి ఆనించి వెళ్లిపోయాక కూడా ఒకావిడ ఆ చోటుని చుట్టూ తిరిగి దాటింది. నిన్ను అలాంటి పనికి ఒప్పించడానికి నాకు రెండేళ్లు పట్టింది.

మే నెలలో స్టేషను ఎదుటి కొత్త భవనానికి నిలువెత్తు అద్దాలు ఎక్కించాలి. అప్పటికి ఈ చేతులు లేవకపోతే యజమాని నన్ను అద్దాల అంచులకి పెట్టే లప్పం కలిపే బల్ల దగ్గర కూర్చోబెడతాడు. ఇరవై ఆరేళ్లు అద్దం మోసినవాణ్ణి, ముద్దలు పిసుకుతూ కూర్చునే మనిషినా నేను? నువ్వే చెప్పు. అక్కకి మాత్రం చెప్పకు.

నీ తోక


గాజు దుకాణం మీది గది,
మార్చి 2

బావా,

మూడు వారాలైంది, ఉలుకూ పలుకూ లేదు. ఉత్తరం అందలేదో, అంది "వీడి కోతి చేష్టల్లో ఇదొకటి" అని పారేశావో. పారేసి ఉంటే వెతికి తియ్యి, ఎందుకంటే నిజంగా జబ్బే.

పెద్దాసుపత్రిలో ఒక డాక్టరమ్మ చూసింది. మనిషి చిన్నదే గానీ ప్రశ్నలు పోలీసువి. ఈ మధ్య జ్వరం వచ్చిందా, బరువులెత్తావా, ఏ మందులు వాడుతున్నావు, ఒంటిమీద ఎర్రమచ్చలున్నాయా, బరువు తగ్గావా. కండ నొప్పికి వంద దారులట. ఎక్కువ పని చేసినా వస్తుంది, జ్వరం పోతూ పోతూ వదిలి వెళ్తుంది, మెడలోని గ్రంథి మొరాయించినా వస్తుంది, కొవ్వు తగ్గించే మాత్రతోనూ కొందరికి వస్తుందట. అందుకే ఆ మాత్ర మొదటి రోజే మాన్పించింది. రక్తం తీశారు. కండ చెడితే దాంట్లోంచి ఏదో రక్తంలోకి కారుతుందట, అది అందరికీ వందల్లో ఉంటే నాకు వేలల్లో ఉంది. నా జీవితంలో వేలల్లోకి వెళ్లింది అదొక్కటే. తొడలోంచి గోరంత కండ కోసి పరీక్షకి పంపారు.

తేలిందేంటంటే, బయటి శత్రువు ఎవరూ లేడు. రోగాలొస్తే తరమాల్సిన నా ఒంట్లోని కాపలావాళ్లే నా కండల్ని పట్టుకుని కొరుకుతున్నారు. కండలు లోపల వాచిపోయాయి. కంచే చేను మేయడమంటే ఇదే. "ఎందుకలా?" అని అడిగాను. "చాలామందిలో ఎందుకో మాకూ తెలీదు" అంది. డాక్టర్లలో ఆ మాట అన్న మొదటి మనిషి, నాకు నచ్చింది.

వాపు తగ్గడానికి కొత్త మాత్రలు ఇచ్చింది, ఏదో స్టెరాయిడట. ఇదీ చిన్నదే, ఇదీ తెల్లగానే ఉంది. మాత్రలు చేసేవాళ్లకి రంగుల కరువు వచ్చినట్టుంది. వీటి గురించి ఏవో జాగ్రత్తలు చెప్పింది గానీ, ఆవిడ గదిలో రోగి కూర్చునే స్టూలు గిర్రున తిరిగే రకం బావా. ఆవిడ చెబుతుంటే నేను ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి సగం అయిపోయింది.

పది రోజులైంది మింగబట్టి. మొహం గుమ్మడికాయలా ఊరింది, ఆకలి మాత్రం ఏనుగుది. కానీ విను, ఇవాళ పొద్దున నా జుట్టు నేనే దువ్వుకున్నాను. నెలన్నర తరవాత. మీ చెల్లెలు గుమ్మంలో నిలబడి చూసింది. పాపిడి వంకరగా వచ్చిందని కూడా అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం మా కాపురంలో ఇది రెండోసారి.

మేలో అద్దాలెక్కిస్తాను. చూస్తూ ఉండు.

తోక


కార్ఖానా, ప్యాకింగ్ షెడ్డు,
మార్చి 4

తోకా,

నెల రోజులుగా అద్దాలు బిగించే పని మీద వేరే ఊళ్లో ఉన్నాను. ఇవాళే వచ్చాను. నీ ఫిబ్రవరి ఉత్తరం గేటు దగ్గరి పెట్టెలో ఉంది.

మొదట నమ్మలేదు. రెండోసారి చదివాను. బల్ల పట్టుకుని లేస్తున్నానని నువ్వు అబద్ధం రాయవు. నీకు వేషాలెక్కువ, సిగ్గు ఇంకా ఎక్కువ.

నాకూ అచ్చం ఇలాగే అయింది, రెండేళ్ల కిందట. తొడలు, పిక్కలు. మెట్ల దగ్గర ఏడుపొచ్చేది. మీ అక్కకి కూడా చెప్పలేదు. ఆ తెల్ల మాత్ర వల్లే. మాన్పించాక నెలలో తగ్గింది. నీదీ అదే, సందేహం లేదు.

తెల్ల మాత్ర ఆపు. ఈ ఉత్తరం అందిన రోజే ఆపు. వాళ్లనీ వీళ్లనీ అడుగుతూ కూర్చోకు. ఆగు అంటే ఆగు.

ఇక్కడ విశేషమేమీ లేదు. అద్దాలు సర్దే గడ్డిపెట్టెలో పిల్లి ఈనింది. నాలుగు పిల్లలు. ఇంకా కళ్లు తెరవలేదు. ఆ పెట్టె వాడకుండా పక్కన పెట్టించాను.

అక్కకి చెప్పలేదు.

ముందున్నవాడు


కార్ఖానా, ప్యాకింగ్ షెడ్డు,
మార్చి 13

తోకా,

నీ రెండో ఉత్తరం ఇవాళ అందింది. నాలుగో తారీకున నేను రాసింది నీ మొదటి ఉత్తరానికి జవాబు. అందులో ఆపమన్నది కొవ్వు మాత్ర. ఇప్పుడు వేసుకుంటున్నదాని సంగతి అప్పటికి నాకు తెలీదు.

ఇప్పటి మాత్ర ఆపకు. ఇక్కడ మందుల షాపులో కాగితం మీద రాసి అడిగాను. దాన్ని ఒక్కసారిగా మానకూడదట, డాక్టరే కొంచెం కొంచెంగా తగ్గించాలట. ఒళ్లు దానికి అలవాటుపడి ఉంటుంది, ఉన్నట్టుండి లాగేస్తే మనిషి కూలిపోతాడని ఆయన రాసి చూపించాడు. కింద రెండు గీతలు కూడా గీశాడు.

నువ్వు ఎవరి మాటా వినే రకం కాదు. ఆ ధైర్యంతోనే ఉన్నాను. అందగానే రెండు ముక్కలు రాయి.

బావ


ఆసుపత్రి, ఆరో నంబరు మంచం,
ఏప్రిల్ 6

బావా,

నీ పదమూడో తారీకు ఉత్తరం మీ చెల్లెలు ఇక్కడికి తెచ్చి ఇచ్చింది. జవాబు ఆలస్యమైంది. వేళ్లు బాగానే ఆడుతున్నాయి గానీ వాటిని కాగితం దాకా మోసుకురావడానికి మనిషి కావాలి. ఇప్పుడు పొట్ట మీద దిండు, దిండు మీద అట్ట, అట్ట మీద చెయ్యి. మూడంతస్తుల మేడ.

నాలుగో తారీకున కూడా రాశానంటున్నావు, అది నాకు అందనే లేదు. మా పోస్టుమాను కొత్తవాడు, దారి తప్పి ఎవరింట్లోనో పడేసి ఉంటాడు. కాబట్టి నీ బుర్రలో ఏదైనా పురుగు తొలుస్తుంటే దులిపెయ్. తప్పు నాదే. కాస్త తేరుకునేసరికి నిర్లక్ష్యం వచ్చి మాత్రలు మానేశాను. నా సంగతి నీకు తెలుసుగా, గాలి ఎటు వీస్తే అటు.

ఆరో రోజున కూలబడ్డాను. వాంతులు, కళ్లు తిరగడం, బాత్రూము గడప దగ్గర కూర్చున్నవాణ్ణి ముగ్గురు కలిసి లేపాల్సి వచ్చింది. జబ్బు కూడా, పాపం, ఖాళీగా కూర్చోలేదు. ఈసారి గొంతులోకి దిగింది. మింగడానికి కూడా కండలే కావాలట, ఆ సంగతి ఇన్నేళ్లూ నాకెవరూ చెప్పలేదు. నీళ్లు తాగితే ముక్కులోంచి వస్తున్నాయి. దుప్పటి బరువుగా ఉంది బావా. పలచటి ఆసుపత్రి దుప్పటి.

నిన్న ముక్కు మీద ఈగ వాలింది. చెయ్యెత్తి తోలాలి కదా, ఎత్తాను, అంటే ఎత్తాలనుకున్నాను. చెయ్యి అట్ట మీదే ఉంది. ఊదాను, బలం చాల్లేదు. బతిమాలాను. తిట్టాను. అది తీరిగ్గా ముక్కంతా తిరిగి చూసి, తన పని అయ్యాక వెళ్లింది. వెళ్లేముందు రెండు చేతులూ శుభ్రంగా రుద్దుకుంది. నా చేతులు నాకెలాగూ లేవు, దాని చేతులు చూసి ఈర్ష్యపడ్డాను.

పక్క మంచం ఆయన చెప్పులు తారుమారు చేద్దామని మూడు రోజులుగా పథకం వేస్తున్నాను. చెప్పులు మంచం కిందే ఉన్నాయి. అంత దూరం నా వల్ల కాదు.

డాక్టరమ్మ ఇప్పుడు రక్తనాళంలోకి మందు ఎక్కిస్తోంది. ఒంట్లో ఎక్కడన్నా గడ్డ దాక్కుని ఇదంతా చేయిస్తోందేమోనని ఫోటోలు కూడా తీశారు. అలాంటిదేమీ లేదట. మీ చెల్లెలు సంతోషించింది. నాకు మాత్రం కాస్త దిగులేసింది, కనీసం తిట్టడానికైనా ఒకడు దొరికేవాడు.

నీ పిల్లికూనలు కళ్లు తెరిచాయా? ఆ పెట్టె ఖాళీ చెయ్యమని మీ మేనేజరు పోరుపెట్టడం లేదు కదా.

తోక


కార్ఖానా, ప్యాకింగ్ షెడ్డు,
ఏప్రిల్ 17

తోకా,

పిల్లి సంగతి నేను ఒకే ఒక్క ఉత్తరంలో రాశాను. నాలుగో తారీకుదాంట్లో.

నువ్వు నాకు అబద్ధం చెప్పడం కొత్త కాదు. దొరికిపోవడం కొత్త. ఒంట్లో బాగుంటే దొరికేవాడివి కాదు.

ఇంకొక సంగతి నువ్వు అడగలేదు గానీ చెప్పాలి. పదమూడున మందుల షాపులోంచి బయటికొచ్చినప్పుడే ఎంత ప్రమాదమో నాకు తెలిసిపోయింది. ఇంట్లో ఫోను ఉంది. మీ అక్కతో మీ ఇంటికి ఒక్క మాట చెప్పిస్తే నిమిషం పని. చెప్పించలేదు. తనకి చెప్పొద్దన్నావు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. "డాక్టరు ఇచ్చిన మందు ఆపమనడానికి నువ్వెవరు?" అని మీ అక్క అడుగుతుంది. అందుకని ఉత్తరం రాసి డబ్బాలో వేసి వచ్చాను. మన ఉత్తరాల లెక్కన అది నీకు చేరడానికి పదకొండు రోజులు పట్టి ఉంటుంది. ఆ పదకొండు రోజులూ నేను భోజనం చేశాను, పనికి వెళ్లాను.

నువ్వు అడగకుండా ఆగుతావని నాకు తెలుసు. ఎవరి మాటా వినవని రాశాను. అది అబద్ధం. అద్దం దగ్గర నా మాట ఎప్పుడూ విన్నావు.

నిన్న అక్కకి అంతా చెప్పాను. మంచమెక్కలేదు. పెట్టె సర్దింది. శుక్రవారం బయల్దేరుతున్నాం.

కూనలు కళ్లు తెరిచాయి. ఒకటి చచ్చిపోయింది.

బావ


ఆసుపత్రి, అదే మంచం,
మే 12

బావా,

అక్షరాలు మీ చెల్లెలివి, మాటలు నావి. మధ్యలో ఎక్కడన్నా సిరా అలికినట్టుంటే అది ఆవిడ సొంతం.

మీరు వెళ్లి ఆరు రోజులైంది. ఉన్న పన్నెండు రోజులూ మనం వాతావరణం గురించి, ఆసుపత్రి విడ్డూరాల గురించి, అక్క కీళ్ల గురించి మాట్లాడుకున్నాం. అంటే నేను పలక మీద రాయించాను, నువ్వు తలూపావు. అసలు సంగతి ఇద్దరం ముట్టుకోలేదు. గుడ్డ లేకుండా వేడి గిన్నె ముట్టుకోనట్టు.

ఇప్పుడు చెబుతాను. చేర్చుకున్న రోజు డాక్టరమ్మ "మాత్రలు ఎందుకు ఆపావు?" అని అడిగింది.

"మా బావ ఆపమన్నాడు" అన్నాను.

"మీ బావ డాక్టరా?"

"కాదండీ. ముందుంటాడు."

ఆవిడ తల పరీక్ష కూడా రాసిందని నా అనుమానం.

నిన్న నేనే అడిగాను. ఈ పాడులో మాత్ర ఆపినందుకు వచ్చిందెంత, జబ్బు తనంతట తాను చేసిందెంత అని. చెప్పలేనంది. ఆపకపోయినా కొందరికి ఇలా తిరగబెడుతుందట. ఆపకపోతే నాకు తిరగబెట్టేది కాదేమో కూడా. ఒకే పెట్టెలో రెండు అద్దాలు పగిలాయి బావా, ఏ ముక్క దేనిదో ఎవరు ఏరగలరు. ఆవిడ వల్ల కాలేదు, నా వల్ల కాదు, నీ వల్ల అసలే కాదు. కూర్చుని ఏరకు. వేళ్లు తెగుతాయి.

ఇకముందు ఎలాగంటే, నీళ్లు చెంచాతో దిగుతున్నాయి. చేతుల మాట అడిగితే, వచ్చేది నెమ్మదిగా వస్తుంది, రానిదాని గురించి మాటివ్వలేనంది. స్టేషను ఎదుటి అద్దాలు ఎక్కించేశారట. మీ చెల్లెలు బస్సులోంచి చూసింది. "వంకరగా ఉన్నాయా?" అన్నాను. "లేవు" అంది. అబద్ధం చెప్పడం ఈవిడకి ఇన్నేళ్లయినా నేర్పలేకపోయాను.

ఆఖరి రోజు సంగతి. ఆడవాళ్లిద్దరూ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లినప్పుడు నన్ను చక్రాల కుర్చీలో వరండాలోకి తోసుకొచ్చావు. కుర్చీ ఆపి, నా ముందుకి వెళ్లి, వీపు నావైపు పెట్టి నిలబడ్డావు. రెండు చేతులూ చాపావు. ఒకటి కింద, ఒకటి పైన. నీ జన్మలో నీ అంతట నువ్వు మొదలుపెట్టిన ఒకే ఒక్క అల్లరి అది.

ఊడ్చే ఆవిడ బకెట్టు పక్కకి లాక్కుని గోడకి అతుక్కుపోయింది. ఎదురొచ్చే ఆయనెవరో ఫ్లాస్కు గుండెలకి హత్తుకుని ఆగిపోయాడు. జనం ఇప్పటికీ నమ్ముతారు బావా.

నువ్వు ఎదురు చూస్తున్నావు. నా చివర నేను పట్టుకోవాలి. నా చేతులు ఒళ్లోనే ఉన్నాయి, ఎవరో మర్చిపోయి వెళ్లిన సంచుల్లాగా. ఎత్తమన్నాను. భుజాలు విన్నాయో లేదో తెలీదు. కుడిచెయ్యి బొటనవేలు ఒకటి కదిలింది. గాజు కాదు, చెక్క కాదు, గాలి. దాన్ని కూడా ఎత్తలేకపోయాను.

నీకు వెనక ఏం జరుగుతోందో కనపడదు, వినపడదు. నేను అందుకున్నాననుకున్నావో, ఇంకా అందుకోలేదనుకున్నావో. అలాగే నిలబడ్డావు. చొక్కా వీపు తడిసిపోయింది. అక్క వచ్చి "ఏంటా వేషాలు?" అని నీ చెయ్యి పట్టి కిందికి లాగేదాకా దించలేదు. బస్సెక్కేటప్పుడు కూడా నీ చేతులు ఒంటికి ఎడంగానే ఉన్నాయట, మీ చెల్లెలు చూసి వచ్చి చెప్పింది.

ఆరు రోజులుగా ఆలోచిస్తుంటే ఇవాళ తట్టింది. తప్పు నాది. ఆ మాట అనాల్సింది నేను, అనలేదు. రెండుసార్లు నెడదామంటే మధ్యలో అద్దం లేదాయె, ఉన్నా నెట్టే చేతులు లేవాయె. అందుకని రాయిస్తున్నాను. ఇది చేరడానికి ఎన్ని రోజులు పడుతుందో, అప్పటిదాకా ఎలాగోలా నిలబడు. అందిన రోజున మాత్రం ఎందుకని అడక్కు, వాళ్లనీ వీళ్లనీ అడుగుతూ కూర్చోకు.

వెనకనుంచి నాకు మొత్తం కనపడుతోంది. దించెయ్ బావా.

నీ తోక